కెమెరాకు తగిన కాన్వాసు సంచి

కత్తికి ఒర యెంత అవసరమో, వీణకు గవిసెన యెంత అవసరమో, కెమెరాకు సంచియు నంత అవసరము. సాధనమును సంపాదించుటకు మనుజుడు నెలల తరబడి ధనమును కూడబెట్టును. దానిని మోసికొనిపోవు సంచిని గూర్చి మాత్రము కట్టకడపట, చేత మిగిలిన చిల్లరతో ఆలోచించును. ఈ అశ్రద్ధవలన కలుగు నష్టము పిదప గాని తెలియదు. పెండ్లి పందిటిలో మూడుముళ్లు పడు క్షణ మొక్కసారియే వచ్చును. ఆ సమయమున కెమెరా కటకముపై తేమ పట్టియున్నను, త్రోవలో కెమెరా నేలబడి పగిలియున్నను, ఆ ఇంటివారికి ఆ చిత్రము మరల దొరకదు. చిత్రము తీయువాని జీవనోపాధికిని అంతటితో దెబ్బ తగులును. కావున స్వల్పవ్యయముతో మంచి సంచిని ఎన్నుకొనుటయు, దానిని తన పనికి అనువుగా దిద్దుకొనుటయు చిన్న విషయములు కావు.

బాన్సువాడ పట్టణము మంజీరానది ప్రాంతమున, కామారెడ్డి జిల్లాలో నున్నది. 2016 అక్టోబరు 11వ తేదీన ఆ జిల్లా ఏర్పడుటకు పూర్వము ఇది నిజామాబాదు జిల్లాలో చేరియుండెను. 1923లో ఆరంభింపబడి 1931లో పూర్తియైన నిజాంసాగరు జలాశయ మీ ప్రాంతమునకు ప్రాణాధారము. దాని కాలువల క్రింద వరిపొలములు పచ్చగా కన్పట్టును. వర్షకాలమున నిజాంసాగరు నిండిన దృశ్యము, జుక్కల్లు ప్రాంతమందలి కౌలాసు కోట, ఆశ్వయుజమాసపు బతుకమ్మ వేడుకలు, పల్లెలలోని వివాహములు - ఇవన్నియు కెమెరా పట్టినవానిని పిలుచుచుండును. అయితే ఈ సీమలో వేసవియందు దుమ్ము, జూను మొదలు సెప్టెంబరు వరకు వాన, ఎల్లకాలములయందు బస్సుల కుదుపు తప్పవు. ఇచ్చట కెమెరా మోయువాని సంచి ఈ మూడు శత్రువులను ఎదుర్కొనవలసియున్నది.

పూర్వకాలమున కెమెరాకు సంచి యన్న మాటయే లేదు. 1851లో ఫ్రెడెరిక్ స్కాట్ ఆర్చరు అను ఆంగ్లేయుడు ప్రకటించిన తడిపలక విధానములో, గాజుపలకపై ద్రావకమును పూసి, అది ఆరిపోవక మునుపే చిత్రమును తీసి, వెంటనే చీకటిలో కడుగవలసియుండెను. అందుచే ఛాయాచిత్రకారుడు కొండకు పోయినను, కోటకు పోయినను, పెద్ద కొయ్యకెమెరాను, గాజుపలకలను, రసాయనములను, చీకటి గుడారమును వెంట తీసికొనిపోవలసివచ్చెడిది. హైదరాబాదులో ఆరవ నిజాము మహబూబు అలీఖాను కొలువున ఖ్యాతి గడించిన రాజా దీనదయాళుగారు తొలుత ఈ కష్టమైన పద్ధతిలోనే పని నేర్చినవారు. 1844లో జన్మించి 1905లో గతించిన ఆ మహాశిల్పి తీసిన కోటల, మహళ్ల చిత్రములు నేటికిని నాటి దక్కనును కన్నులకు కట్టించుచున్నవి. ఆ చిత్రముల వెనుక బరువులు మోసిన వారి శ్రమయు దాగియున్నది.

కాలక్రమమున కెమెరా చిన్నదయ్యెను. 1888లో అమెరికా దేశీయుడు జార్జి ఈస్ట్‌మన్ చుట్టఫిల్ముతో పనిచేయు కోడాకు కెమెరాను విక్రయమునకు తెచ్చెను. 1925లో జర్మనీయందు ఆస్కారు బర్నాకు రూపొందించిన లైకా కెమెరా బజారునకు వచ్చెను. అది అరచేత నిముడునంతటిది. బండ్లపై తరలిన పరికరము భుజముపైకి ఎక్కెను. అప్పటినుండి భుజపు సంచికి ప్రాధాన్యము కలిగెను.

ఆ సంచులు చాలకాలము బిరుసైన తోలుపెట్టెలుగానే యుండెను. 1970 దశకపు మధ్యభాగమున, అమెరికాలోని 'ఫిలడెల్ఫియా ఇన్‌క్వైరర్' పత్రికలో ఛాయాచిత్రకారుడుగా నుండిన జిమ్ డోంకీ, వార్తాస్థలములకు పరుగెత్తుటకు అట్టి పెట్టెలు అడ్డమని తలచి, మెత్తని నూలు కాన్వాసుతో సంచి నొకదానిని రూపొందించెను. అది శరీరమునకు ఒదిగియుండెను. చేయి పెట్టినంతనే వస్తువు దొరకుచుండెను. తోటివారు చూచి తమకును కావలెనని యడుగగా, అది వ్యాపారముగా పెరిగెను. ఇంగ్లాండులో 1973లో మార్టిన్ బిల్లింగ్‌హామ్ చేపలు పట్టువారికై కాన్వాసు సంచులను కుట్టించుట ప్రారంభించెను. కొన్నియేండ్లకు న్యూయార్కులో కెమెరాలవారు ఆ సంచులనే కొని వాడుకొనుచున్నారని అతనికి తెలిసెను. నాటినుండి అతడు కెమెరా సంచులను చేయ నారంభించెను. మంచి సంచి దుకాణపు బల్లపై పుట్టలేదనియు, పనిచేయువాని అవసరమునుండి పుట్టినదనియు ఈ రెండు కథలు తెలుపుచున్నవి. చేపల సంచి కెమెరా సంచి కాగలిగినపుడు, మన యింటనున్న బడిసంచి యేల కారాదు?

కాన్వాసు అనగా దట్టముగా నేసిన ముతకగుడ్డ. మన పెద్దలు దీనిని కిత్తాను అనిరి. ఓడల తెరచాపలకు, డేరాలకు ఇది వాడుకలో నుండెను. పూర్వము హెంపు అను నారతో నేసిరి. ఆ నారమొక్క లాటిను పేరునుండియే కాన్వాసు అను మాట పుట్టినది. నేడు మాత్ర మధికముగా నూలుతో నేయుచున్నారు. ఇందు పడుగుదారములును, పేకదారములును ఒకదానిపై నొకటి వరుసగా ఎక్కి దిగుచు బిగువుగా అల్లుకొనును. నూలు తడిసినపుడు ఉబ్బును. దారములు ఉబ్బగా వాని నడుమ సందులు మూసికొనిపోవును. అందుచేత దట్టమైన నూలు కాన్వాసు చిరుజల్లును కొంతసేపు లోనికి రానీయదు. ప్రయాణములలో నీరు నింపుకొనిపోవు కాన్వాసు సంచి వెనుకటి తరమువారికి సుపరిచితము. దాని పైతట్టునుండి నీ రించుక ఆవిరియగుచు లోపలి నీటిని చల్లబరచెడిది. అయితే ఉబ్బిన గుడ్డను లోపలనుండి వ్రేలితో రాచినను, బరువు వస్తువు ఒరసికొనినను, ఆ చోట నీరు ఊరును. కావున కాన్వాసు నమ్మదగినదే గాని, జడివానలో దానినొక్కదానినే నమ్మరాదు.

కాన్వాసు మందమును దాని బరువునుబట్టి చెప్పుదురు. చదరపు గజమున కిన్ని ఔన్సులనియో, చదరపు మీటరున కిన్ని గ్రాములనియో లెక్కింతురు. చదరపు గజమునకు ఒక ఔన్సు అనగా చదరపు మీటరునకు సుమారు 34 గ్రాములు. 8 ఔన్సుల గుడ్డ లోపలి అరలకు చాలును. సంచి పైభాగమునకు 12 మొదలు 16 ఔన్సులు, అనగా సుమారు 400 మొదలు 540 గ్రాముల గుడ్డ తగును. అంతకంటె మందమైన గుడ్డ గట్టిదే గాని, ఇంటి కుట్టుయంత్రపు సూది దాని మడతలలో విరుగును. ఖాళీ సంచియే భుజమునకు బరువగును.

ఇక ఎంపిక. దుకాణమునకు పోవుటకు ముందే ఇంట కొలతలు తీసికొనవలెను. ఒక విద్యార్థికి పెద్దలనుండి పాత కెమెరా యొకటి, రెండు కటకములు లభించినవనుకొందము. అతడు వానిని, బ్యాటరీలను, తుడుచు గుడ్డను నేలపై పరచిన వార్తాపత్రికమీద వరుసగా నుంచి, చుట్టును పెన్సిలుతో గీత గీయవలెను. నిత్యము వెంటనుండవలసిన వేవి, ఎన్నడో యొకప్పుడు కావలసిన వేవి యని వేరుచేయవలెను. ఎన్నడో కావలసినదానిని దినదినము మోయుట అవివేకము. మిగిలినదాని పరిమాణమునుబట్టి పాత అట్టపెట్టెను కోసి నమూనా చేసికొనినచో, సంచి యెంత యుండవలెనో కన్నులకు కనబడును.

కొనునపుడు రంగును, పేరును చూచి మోసపోరాదు. మొదట సంచిని లోపలివైపు త్రిప్పి కుట్లను చూడవలెను. అంచులు మడిచి కుట్టిరా, లేక పోగులు వ్రేలాడుచున్నవా? పట్టీ సంచికి కలియుచోట ఒక్క వరుస కుట్టు మాత్రమే యున్నచో అది యొకనాడు తెగును. చతురస్రము కుట్టి దాని నడుమ అడ్డముగ రెండు గీతలు కుట్టినచో అది నిలుచును. కొక్కెములు, బకిల్సులు ఇత్తడివైనచో తుప్పుపట్టవు. ఇనుపవైనచో వానకాలము గడచులోపల గుడ్డపై మరక పడును. పైమూత సంచి నోటిని దాటి ముందునకును, రెండు ప్రక్కలకును కొంత వ్రేలాడవలెను. లేనిచో వాననీరు తిన్నగా లోనికి జారును. కంపెనీ పేరు పెద్ద అక్షరములతో మెరయు సంచి లోపల విలువైన వస్తువున్నదని దొంగకు చాటింపు వేయును. సాదా ఖాకీ సంచిని బస్సులో నెవ్వరును రెండవమారు చూడరు. ఖాకీ అను మాటకు మూలమైన ఖాక్ అనగా మట్టి, దుమ్ము. దుమ్ము రంగుగల సంచి దుమ్మును కనబడనీయదు. వేసవి యెండలో నల్లసంచి వలె మిక్కిలి వేడెక్కదు.

తగిన సంచి దొరకనిచో, దొరకినను ధర అందనిచో, కుట్టించుకొనుటయే మేలు. బాన్సువాడ వంటి పట్టణమున దర్జీకిని, చెప్పులు కుట్టువానికిని కొదువ లేదు. గుడ్డను కోయకమునుపు ఒకమారు నీట తడిపి ఆరవేయవలెను. నూలుగుడ్డ తొలి తడుపులో కుంచించుకొనును. కుట్టిన పిమ్మట కుంచించుకొనినచో కెమెరా పట్టక శ్రమ యంతయు వృథా యగును.

కొలతల లెక్క ఈ రీతిగ నుండును. సంచి లోపల 28 సెంటీమీటర్ల పొడవు, 14 సెంటీమీటర్ల వెడల్పు, 21 సెంటీమీటర్ల ఎత్తు కావలెననుకొందము. చుట్టును అడుగునను ఒక సెంటీమీటరు మందముగల మెత్త వేసినచో, సంచి కొలత 30, 16, 22 సెంటీమీటర్లగును. ప్రతి అంచునను కుట్టుకై ఒకటిన్నర సెంటీమీటరు విడువవలెను. అప్పుడు ముందు వెనుకల ముక్కలు 33కు 25, ప్రక్కముక్కలు 19కి 25, అడుగుముక్క 33కు 19, మూత 33కు 40 సెంటీమీటర్లు కావలెను. ముందు వెనుకలవి రెండు, ప్రక్కలవి రెండు, అడుగు, మూత అన్నియు కలిపి 4,547 చదరపు సెంటీమీటర్లు. అనగా అర చదరపు మీటరుకంటె కొంచెము తక్కువ. ముప్పాతిక మీటరు వెడల్పుగల గుడ్డను ఒక మీటరు కొనినచో జేబులకును మిగులును. బడిలో నేర్చిన క్షేత్రగణితము దర్జీకొట్టులో నీ విధముగ డబ్బు మిగుల్చును.

దారము నూలుది గాక పాలియెస్టరుదైనచో తేమకు చివుకదు. సూది 16 లేక 18 అంకెగలది కావలెను. అంగుళమునకు ఆరు మొదలు ఎనిమిది కుట్లు చాలును. కుట్లు దగ్గరైనకొలది బలమని తలచుట పొరపాటు. మిక్కిలి దగ్గరగ కుట్టినచో సూదిరంధ్రములు వరుసగా చేరి, గుడ్డ తపాలాబిళ్ల చిరిగినట్లు చిరుగును. మిక్కిలి మందమైన మూలలను యంత్రముతో గాక, మైనము రాచిన దారముతో చెప్పులు కుట్టువానిచే కుట్టించుట మంచిది. "పట్టీ తెగకుండ చూడుము కాకా" అని బాలుడడుగగా, "సంచి చినిగితే సామాను కనబడును బిడ్డా, పట్టీ తెగితే సామానే పోవును. ముందు పట్టీ కుట్టి, పిదప సంచి కుట్టెదను" అని అనుభవజ్ఞుడైన పనివాడు బదులు చెప్పును. ఆ మాటలో శాస్త్రమంతయు ఇమిడియున్నది.

పట్టీకి మంచములకు అల్లు నవారు మిక్కిలి అనువైనది. అది వెడల్పైనది, గట్టిది, చవుకయైనది. పట్టీ వెడల్పు భుజమునకు మేలు చేయును. మూడు కిలోగ్రాముల బరువును ఒక అంగుళపు పట్టీతో మోయునపుడు భుజముపై పడు ఒత్తిడి, రెండంగుళముల పట్టీతో మోయునపుడు సుమారు సగమగును. బరువు తగ్గలేదు, అది పరచుకొన్న చోటు పెరిగినది. ఒత్తిడిని గూర్చి విజ్ఞానశాస్త్రమున చదివినది యిదియే. పట్టీని ఒక భుజమున వ్రేలాడదీయక, తల మీదుగ అడ్డముగ వేసికొనినచో సంచి జారదు. రెండు చేతులును కెమెరాకు దొరకును. నడుమ నడుమ భుజము మార్చుట ఆరోగ్యమునకు మంచిది.

లోపలి మెత్తను గూర్చి జాగ్రత్త వహింపవలెను. పరుపులలోని స్పాంజి నీటిని పీల్చి దాచును; పైన గుడ్డ ఆరినను లోపల తడి దినములతరబడి నిలుచును. గాలి బుడగలు దేనికది మూసియున్న రబ్బరు నురుగుపలక నీటిని పీల్చదు. వ్యాయామమునకు పరచుకొను పాత చాపలు అనేక మట్టివే. అట్టి చాప చినిగినచో పారవేయక, ముక్కలుగ కోసి సంచి గోడలలో దూర్చవచ్చును. అడుగున రెండు పొరలు వేయవలెను. ఏలయన సంచిని నేలపై నుంచునపుడు దెబ్బ అడుగుననే తగులును. అరలను విడదీయు గోడలు స్థిరముగ గాక, వెల్‌క్రో పట్టీలతో అతికినచో, కటకము మారినపుడు అరయు మార్చుకొనవచ్చును. ఉత్తరేణి గింజలు బట్టలకంటుకొనుట పల్లెబాలురందరును ఎరిగినదే. అట్లే తన కుక్క బొచ్చునకు అంటుకొన్న ఒకజాతి ముళ్లకాయలను 1941లో పరిశీలించి, స్విట్జర్లాండు దేశీయుడు జార్జి డి మెస్ట్రాలు ఈ పట్టీని కనుగొనెను. అయితే దానిని ఊడదీయునపుడు బర్రున చప్పుడగును. పూజలు, ఉపన్యాసములు జరుగు చోట్ల అది సభకు భంగము కలిగించును. కావున లోపలి గోడలకు వెల్‌క్రోయు, పైమూతకు గుండీ లేక కొక్కెమును ఉచితములు.

లోపలి అస్తరు లేతరంగుదై, పోగులు రాలని నున్నని గుడ్డయై యుండవలెను. నల్లని అస్తరులో జారిపడిన చిన్నమర గాని, జ్ఞాపకబిళ్ల గాని కనబడదు. ఆ బిళ్లలకై మూత లోపలివైపు గుండీ గల జేబు నొకదానిని కుట్టించుట మేలు. నింపిన బిళ్ల యొకవైపు, ఖాళీ బిళ్ల మరియొకవైపు ఉంచినచో తొందరలో పొరపాటు జరుగదు. సంచి యజమాని పేరును దారముతో లోపల కుట్టినచో, పోయిన సంచి తిరిగి చేరుట కవకాశము కలదు.

వాననుండి కాపాడుటకు రెండుపాయములు గలవు. మొదటిది మైనపు పూత. తేనెమైనమును, కొవ్వొత్తిమైనమును కలిపి, పెద్దల సమక్షమున, మరుగునీటి గిన్నెలో నుంచిన చిన్నపాత్రయందు కరగింపవలెను. మైనమును నేరుగ మంటపై పెట్టరాదు, అది అంటుకొనును. చల్లారిన ముద్దను గుడ్డ పైతట్టున రాచి, పైన కాగితముంచి గోరువెచ్చని ఇస్త్రీపెట్టెతో అద్దినచో మైనము దారములలోని కింకును. అయితే బాన్సువాడ యెండలకు అధికమైనము మెత్తబడి బట్టలకంటును. కావున పలుచగ, మూతకును భుజములకును మాత్రమే పూయుట మంచిది. రెండవ ఉపాయము ఇంతకంటె సులభమైనది. ఊచలు విరిగిన గొడుగు గుడ్డను విప్పి, అంచున నాడా దూర్చి ముసుగుగ కుట్టినచో, అది మడచినపుడు గుప్పిట నిముడును. వాన వచ్చినపుడు సంచి కంతకును కప్పగును. గొడుగుగా పనికిరానిది సంచికి గొడుగైనది.

సంచి సిద్ధమైన వెంటనే కెమెరాను అందుంచరాదు. ముందు కెమెరాకు సమానమైన బరువుగల బియ్యపు మూటను ఉంచి, రెండు మూడు దినములు బజారునకును, పొలమునకును మోసి చూడవలెను. పట్టీ జారుచున్నదా, కుట్లు సాగుచున్నవా, మూల తుంటికి తగులుచున్నదా యని గమనింపవలెను. చెంబెడు నీరు మూతపై పోసి, లోపల వార్తాపత్రిక తడిసినదేమో చూడవలెను. బియ్యము తడిసినచో ఆరబోసికొనవచ్చును. కెమెరా తడిసినచో ఆ అవకాశము లేదు.

సంచి ఎంత మంచిదైనను, అది ప్రయాణమునకే గాని నివాసమునకు కాదు. తడిసిన సంచిలో కెమెరాను మూసి యుంచినచో, తేమవలన కటకముపై సాలెగూటివంటి బూజు వ్యాపించును. అది గాజుపై పూతను తినివేసిన పిదప ఎంత తుడిచినను పోదు. కావున ఇల్లు చేరినంతనే కెమెరాను వెలికి తీసి, సంచిని నీడపట్టున గాలికి ఆరవేయవలెను. వానకాలమున కెమెరాను గాలి చొరని డబ్బాలో, సిలికా జెల్ పొట్లములతో నుంచుట క్షేమము. ఆ గుళికలు తేమను పీల్చును; మెల్లగ వేడిచేసినచో మరల పనికివచ్చును. వానిని పసిపిల్లలకు అందనీయరాదు. సంచిని దులిపి, దుమ్మును మెత్తని బురుసుతో తీసి, చిన్నరంధ్రము కనబడిన దినముననే మాసిక వేయవలెను.

తెలంగాణ పల్లెల జీవనమును, బతుకమ్మ పండుగను, పాత ఇండ్ల తలుపులను తన కెమెరాతో పదిలపరచిన వరంగల్లు వాసి భరత్ భూషణ్‌గారు 2022లో కీర్తిశేషులైరి. మారిపోవుచున్న పల్లెల రూపమును ఆయన చిత్రములు నిలిపియుంచినవి. బాన్సువాడ ప్రాంతమునను నిలుపుకొనదగిన దృశ్యములు అనేకములున్నవి. వానిని పట్టి తెచ్చునది కెమెరా. ఆ కెమెరాను ఇల్లు దాటించి, వానలో దుమ్ములో నడిపించి, మరల క్షేమముగ ఇల్లు చేర్చునది సంచి. అధికధనము వెచ్చించినవాని సంచియే గొప్పది కాదు. తన అవసరము నెరిగి, కొలిచి, ఎంచి, కుట్టించి, మాసిక వేసి వాడుకొనువాని సంచి పదికాలములు నిలుచును. చినిగినపుడు బాగుచేయ నేర్చినవానికి వస్తువు పాతబడునే గాని పనికిరానిది కాదు.

ప్రశ్నలు

1. తడిపలక కాలమునందలి ఛాయాచిత్రకారుడు ఏయే వస్తువులను వెంట తీసికొనిపోవలసివచ్చెడిది? ఏల?
2. నూలు కాన్వాసు చిరుజల్లును ఎట్లు ఆపును? జడివానలో దానినొక్కదానినే ఏల నమ్మరాదు?
3. వెడల్పైన పట్టీ భుజమునకు ఏల సుఖమిచ్చును?
4. "ముందు పట్టీ కుట్టి, పిదప సంచి కుట్టెదను" - ఈ మాటలోని అంతరార్థమును వివరింపుము.
5. మీ పుస్తకములకు తగిన సంచికి కొలతలు తీసికొని, ఎంత గుడ్డ కావలెనో లెక్కకట్టుము.